మా బావ వేసిన షుగరు బంతి

పొద్దున ఏడు గంటలకు ఎల్లారెడ్డి నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ పోయిండు" అని చెప్పింది. ఏడవలేదు. తనే మళ్ళీ, "పొయ్యి మీద రొట్టె ఉండె. అది తీసి వచ్చేవరకు పోయిండు" అంది. గుండె ఆగిందట. కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నాడట, రెండు కాళ్ళూ నేలకు ఆనించి.

రెండు కాళ్ళూ అన్న మాటను మీరు మామూలుగా చదివేసి ఉంటారు. దయచేసి ఇంకోసారి, కొంచెం గట్టిగా చదవండి. పదకొండేళ్ళ కింద ఆ రెండింటిలో ఒకటి తీసేయాల్సి రావచ్చని కామారెడ్డిలో డాక్టరమ్మ చెప్పింది. మా బావ ఇవ్వలేదు.

బావ అంటే మా అక్క భర్త. పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. నాకు కామారెడ్డిలో టెంట్‌హౌస్ ఉంది. ఆయన వండేవాడు, నేను షామియానాలు, కుర్చీలు, వంటకు గంజులనే పెద్ద పెద్ద గిన్నెలు పంపేవాణ్ణి. విందు బాగుంటే పేరు ఆయనకు, కుర్చీ విరిగితే తిట్లు నాకు. ముప్పై ఏళ్ళు ఇట్లా సమానంగా పంచుకున్నాం.

నేను ఎల్లారెడ్డి చేరేసరికి వాకిలి నిండా మనుషులున్నారు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమనిషి పక్కాయనతో అంటున్నాడు: "గన్నేండ్లు ఆకులు అలములు తిన్నడు. ఏం ఫాయిద? పోనే పోయె." పాడె కట్టడం అయ్యేలోపు ఇదే మాట మూడు నోళ్ళ నుంచి విన్నాను. అప్పుడు నేను పాడె కడుతున్నాను కాబట్టి నోరు మూసుకున్నాను. చేతిలో కట్టె ఉన్నప్పుడు జవాబు చెప్పకూడదు, మాట ఒకచోట, కట్టె ఇంకోచోట పడతాయి. ఇప్పుడు చేతిలో పెన్ను తప్ప ఏమీ లేదు. అందుకని చెబుతాను.

పదకొండేళ్ళ కింద దోమకొండలో ఒక పెళ్ళి. వెనక ఖాళీ జాగాలో భూమిని పొడుగ్గా తవ్వి పొయ్యి చేశారు. దాని మీద వరసగా గంజులు. బావ ఎప్పటిలాగే చెప్పులు విడిచి, పొడుగు గంటెతో బగారన్నం తిప్పుతున్నాడు. వంట దగ్గర చెప్పులు వేసుకుంటే అన్నపూర్ణకు కోపం వస్తుందని ఆయన నమ్మకం. నేను పక్కన పళ్ళేలు లెక్కపెడుతున్నాను. ఏదో మాడిన వాసన వచ్చింది.

"బావా, ఏందో మాడుతున్నది."

"నా గంజుల ఏదీ మాడది. నీ ముక్కు ఖరాబైంది, పో."

వాసన పోలేదు. గంజులు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి చివరికి కిందికి చూశాను. పొయ్యి నుంచి జారిన నిప్పుకణిక ఆయన ఎడమ పాదం కింద ఉంది. మడమ పక్కన తోలు నల్లబడింది. మా బావ గంటె తిప్పుతూనే ఉన్నాడు.

"బావా, నీ కాలు! నొస్తలేదా?"

"ఏది?" అని తల వంచి చూశాడు. ఎవరిదో కాలు తన కింద ఉన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. ఎంత పెద్ద పెళ్ళికైనా జంకని మనిషి, తన కాలును చూసి జంకాడు.

షుగరున్నదని అప్పటికి ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఆయన చేసుకున్న వైద్యం ఏమిటంటే పొద్దున ఒక గోలి, రాత్రి ఒక గోలి, మధ్యలో నాలుగు లడ్డూలు. లడ్డూలు తినలేదనీ, పాకం చూశాననీ అనేవాడు. బెల్లం మండీ ఉన్న కామారెడ్డి చుట్టుపక్కల, లడ్డూలు చేసే వృత్తిలో ఉండి షుగరు తెచ్చుకోవడం వరదలో ఇల్లు కట్టుకోవడం లాంటిదని నేను వేళాకోళం చేసేవాణ్ణి. ఆ రోజు నుంచి మానేశాను. మళ్ళీ మొదలుపెట్టడానికి రెండు నెలలు పట్టింది.

డాక్టరమ్మ చిన్న వయసుది, కానీ మొహమాటం లేని మనిషి. "పాదాల్లో స్పర్శ పోయింది. షుగరు ఇట్లాగే ఉంటే పుండు మానదు. వేళ్ళు తీయాల్సి రావచ్చు. అక్కడ ఆగకపోతే కాలే తీయాలి" అంది.

"అమ్మా, నేను నిలవడి వండెటోన్ని. కాలు లేకుంటె గంటె తిరగది" అన్నాడు బావ.

"అయితే మందులు, ఇంజెక్షన్లు, కట్లు నా పని. పళ్ళెం మీ పని" అని ఒక కాగితం మీద గుండ్రంగా గీసి చూపించింది. సగం పళ్ళెం ఆకుకూరలు, కాయగూరలు. మిగిలిన సగంలో సగం పప్పో, ఉడికించిన గింజలో. ఆఖరి పావు మాత్రమే రొట్టె గానీ అన్నం గానీ.

బావ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "అమ్మా, ఇది మా అవ్వ పెట్టిన తిండే గద. జొన్నరొట్టె, గంగవాయిలికూర, బబ్బెర్ల గుడాలు. గిది తినలేకనే గద నేను పెండ్లిల్ల వంటోన్నైంది!"

ఆ మాటకు డాక్టరమ్మ నవ్వింది గానీ, నాకు నవ్వు రాలేదు. మా తరం వాళ్ళకు జొన్నరొట్టె అంటే లేమి. తెల్లన్నం పండగనాడు కనిపించేది. రోజూ తెల్లన్నం తినగలగడమే బతుకులో గెలవడం అనుకున్నాం. గెలిచాం కూడా. గెలిచి, అందరం దవాఖాన బెంచీ మీద వరసగా కూర్చున్నాం.

కట్లు కట్టించుకోవడానికి ఆయన రెండు నెలలు కామారెడ్డిలో మా ఇంట్లోనే ఉన్నాడు. వంటవాడు చుట్టంగా వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. మూడో రోజుకు మా ఆవిడ వంటింట్లోంచి బయటికి, ఆయన లోపలికి. ఆ నెలలోనే ఒక పెద్ద తప్పు చేశాడు. అది వంటవాడు మాత్రమే చేయగల తప్పు. కొర్రలు మంచివని ఎవరో చెప్పారు. ఊరికే ఉడకబెట్టి తింటే అది వంటెట్లా అవుతుంది? బెల్లం వేశాడు, నెయ్యి వేశాడు, పాలు పోసి పాయసం చేశాడు. మూడు గిన్నెలు తిన్నాడు. మరునాడు పరీక్షలో అంకె చూసి డాక్టరమ్మ, "ఏం తిన్నారు?" అంది.

"కొర్రలమ్మా."

"కొర్రలతో?"

"బెల్లం." అని ఒప్పుకుని, "బెల్లం గూడ చెరుకు గడలకెళ్ళే వస్తది గదమ్మా, చెట్టు తిండే" అన్నాడు.

ఆమె కాగితం, పెన్ను కింద పెట్టి ఆయన వైపు చూసింది. తరువాతి మనిషిని పిలిచింది. బయటికి వచ్చాక బావ అన్నాడు: "బామ్మర్దీ, తిట్టినా బాగుండు."

ఆ రోజు నుంచి బెల్లం ముట్టలేదు. తన చేతి పనితనమంతా తీపి లేని వాటి మీద పెట్టాడు. గంగవాయిలికూర పప్పులో ఎల్లిగడ్డ వేయించి వేస్తే వీధి చివరికి వాసన వచ్చేది. కాకరకాయను చేదు పోకుండా, కానీ చేదు అని తెలియకుండా వండేవాడు. గుడాలంటే ఉడికించిన బబ్బెర్లు, వాటి మీద పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ, కొత్తిమీర. "నోటికి మస్తుమంది చుట్టాలున్నరు బామ్మర్దీ. కాలికి ఒక్కడు లేడు. జర కాలు దిక్కు గూడ మాట్లాడాలె" అనేవాడు. పుండు నెమ్మదిగా మానింది. చివరి రెండు వేళ్ళు కాస్త వంకరపోయాయి, అంతే.

అది మందుల వల్ల మానిందా, తిండి వల్ల మానిందా అని చాలామంది అడిగేవారు. ఆయన దగ్గర ఒకటే జవాబు: "గోలి గోలి పని జేస్తది, కూర కూర పని జేస్తది. ఒగని పని ఒగనికి చెప్పొద్దు." ఆ మాట నా మీద కూడా ప్రయోగించాడు. నాకూ షుగరు వచ్చిందని తెలిశాక నేను రోజూ కాకరకాయ రసం తాగుతూ, తెలివిగా గోలీలు ఆపేశాను. కళ్ళు తిరిగి షామియానా గుంజను పట్టుకుని నిలబడ్డ రోజున బావకు తెలిసింది. "గోలి ఇడువుమని కాకరకాయ చెప్పిందారా నీకు?" అని నలుగురిలో అడిగాడు. కాకరకాయ చెప్పలేదు. మళ్ళీ గోలీలు మొదలుపెట్టాను.

ఇక అసలు సంగతికి వస్తాను. పెళ్ళిలో వరసగా కూర్చుని తినే పంక్తిని మేం బంతి అంటాం. చుట్టం వచ్చాడా లేదా అన్నది బంతిలో కూర్చున్నాడా లేదా అన్నదాన్ని బట్టే. అక్కడ షుగరున్న మనిషికి రెండే దారులు. వడ్డించినవన్నీ తిని మూడు రోజులు పడుకోవడం, లేదా ఉపాసమని అబద్ధం చెప్పి బయట కుర్చీలో కూర్చోవడం. మా బావ పొయ్యి దగ్గర నిలబడి ఇరవై ఏళ్ళుగా బంతిని చూశాడు గానీ, బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళను చూడలేదు. తన కాలు కాలాక చూశాడు. "గింతమంది ఉపాసముంటరా బామ్మర్దీ? ఏ దేవునికి?" అన్నాడు.

ఆ తరువాత ఆయన వండిన ప్రతి పెళ్ళిలో ఒక వరస వేరుగా వేయించేవాడు. రొట్టె, ఆకుకూర, గుడాలు, కాయగూరలు, కోరితే చారెడు అన్నం. షుగరు బంతి అని దానికి పేరు జనమే పెట్టారు. నేను ఉత్సాహంగా ఒక బోర్డు రాయించుకొచ్చాను, "షుగరు రోగులకు ప్రత్యేకం" అని. దాన్ని పొయ్యిలో పెట్టాడు. "దవాఖాన అనుకున్నవా? రోగులు దవాఖానల ఉంటరు. లగ్గంల చుట్టాలుంటరు" అన్నాడు. బోర్డు మంచి టేకుది, బాగా మండింది.

అందరూ ఒప్పుకోలేదు. ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊళ్ళో పటేల్ గారి బిడ్డ పెళ్ళి. భూములున్న ఇల్లు, మగపెళ్ళివారు అంతకంటే పెద్దవాళ్ళు. పటేల్ వంట దగ్గరికి వచ్చి రొట్టెల గంప చూశాడు.

"ఏందివి?"

"రొట్టెలు పటేలా."

"రొట్టెలని నాకెరుకలేదా? నా బిడ్డ లగ్గంల జొన్నరొట్టెలేందని అడుగుతున్న. మగపెండ్లోళ్ళు జూస్తె ఇంట్ల బియ్యం లెవ్వనుకోరా?"

"బియ్యం గా గంజుల ఉన్నయి. ఇవి అన్నం తిననోళ్ళకు."

"తిననోళ్ళు తినకుంట పోతరు. ముందుగాల ఇవి తియ్యి!"

"తీస్త పటేలా" అన్నాడు బావ. అంత వినయంగా అన్నాడంటే నాకు భయం వేసింది. గంపలు మోయించి, ఫంక్షన్ హాలు వెనక నిలబెట్టిన నా ట్రాలీ ఆటోలో పెట్టించాడు. "ఆట్నే ఉండు" అని నన్ను కాపలా పెట్టాడు.

కాసేపటికి బొట్టు, గంధం, జరీ కండువాతో ఒకాయన అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాడు. పెళ్ళికొడుకు తండ్రి! బావను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "అన్నా, రొట్టెలున్నయట గద. జర రెండు గిన్నెల ఏసియ్యి, ఈ బండెన్క నిలవడి తింట. మా యియ్యంకునికి తెల్వద్దు. షుగరున్నదని చెప్పలే మేము."

"బండెన్క కుక్కలకు ఏస్తరు సారు, చుట్టాలకు గాదు. పోయి బంతిల కూసోండ్రి, పెడత."

"నలుగుట్ల ఇజ్జత్ పోతదన్నా."

బావ ఎడమ కాలు ముందుకు పెట్టి మడమ చూపించాడు. "ఇజ్జత్ పోతె పొద్దుమీకి మల్లొస్తది. కాలు పోతె రాదు."

ఆయన ఆ మచ్చనూ, గంపనూ మార్చి మార్చి చూసి, కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను ఊరుకోలేకపోయాను. "ఆకలిగొన్న మనిషిని ఎల్లగొట్టినవ్ బావా. పైగ మగపెండ్లాయన!"

"ఎల్లగొట్టలే. లోపలికి తోలిన."

బంతి మొదలైంది. వియ్యంకుడికి ఆడపిల్ల తండ్రి తన చేత్తో మొదటి ముద్ద వడ్డించడం మా దగ్గర మర్యాద. పటేల్ లడ్డూల పళ్ళెం పట్టుకుని వంగాడు. వియ్యంకుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. తల ఎత్తకుండానే, కానీ అందరికీ వినిపించేటట్టు అన్నాడు: "నాకు జొన్నరొట్టె గావాలె. ఉన్నయట గద."

వడ్డన ఆగింది. పటేల్ ముఖం చూడటానికి నేను తలుపు దాకా వచ్చాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు. బావ వెనక ట్రాలీ వైపు చెయ్యి చూపించాడు. వియ్యంకుడు అడిగినది ఇంకొకరి చేత పంపితే మర్యాద కాదు. తనే ట్రాలీ దగ్గరికి పరుగున వచ్చి, గంప ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు. వియ్యంకుడి దాకా చేరేసరికి ఆ గంప సగమైంది. దారిలో రెండు వైపుల నుంచీ చేతులు వచ్చాయి. అందులో ఒక చెయ్యి పటేల్ సొంత అన్నది.

"నీకు గూడనా అన్నా?"

"ఆరేండ్ల సంది" అన్నాడా అన్న, రొట్టె తుంచుకుంటూ.

ఇది ఇక్కడ ఆపితే మా బావ గెలిచినట్టు ఉంటుంది. కానీ ఆ పటేల్ చిన్న బిడ్డ పెళ్ళికి భిక్నూర్ నుంచి వేరే వంటాయన వచ్చాడు. గంప ఎత్తించి పరుగెత్తించిన వంటవాణ్ణి ఎవరు మళ్ళీ పిలుస్తారు? ఇంకా కొన్ని ఇళ్ళు కూడా మానేశాయి. అక్క భయపడింది. "గా బంతి ఇడిసిపెట్టరాదా?" అని నా ముందే అడిగింది. "ఇడిసిపెడితె మల్ల నేను బయట కుర్చీల కూసోవాలె. నాకు కూసునుడు రాదు" అన్నాడాయన. పిలిచిన ఇంట్లో బంతి వేశాడు, పిలవని ఇంటి వైపు చూడలేదు. పదకొండేళ్ళు, పోయిన మాఘమాసం దాకా, తన కాళ్ళ మీద నిలబడి వండాడు. చివరి ఏళ్ళలో చెప్పులు వేసుకునే వండాడు. అన్నపూర్ణ ఏమీ అనుకోలేదు.

ఏం ఫాయిద అని అడిగినవాళ్ళకు ఇదే నా జవాబు. రొట్టె తిన్నవాడికి చావు రాదని మా బావ ఎప్పుడూ అనలేదు. చావు వచ్చే దాకా మంచాన పడనని మాత్రం అన్నాడు. అన్నట్టే చేశాడు. అన్నీ తిని, కాలు పోగొట్టుకుని పోయినవాళ్ళను కూడా నేను మోశాను. ఆ ఇళ్ళ వాకిళ్ళలో ఎవరూ ఏం ఫాయిద అని అడగలేదు.

అయినా ఆ మాట చావలేదు. పెద్ద దినం, అంటే పెద్దకర్మ, వంట గురించి మాట్లాడటానికి బావ పాలివాళ్ళు, దాయాదులు కూర్చున్నారు. మాంసం, బగారన్నం, లడ్డు అని రాసుకున్నారు. బావ తమ్ముడి వరస ఆయన నెమ్మదిగానే చెప్పాడు: "వదినా, జొన్నరొట్టెలు ఒద్దు. అందరు ఏమంటున్నరో ఇన్నవ్ గద. ఆయన పాయె, ఆయనతోని గది గూడ పోనీ."

అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "అందరు అనేది ఇన్న" అంది. "ఇంట్ల ఉన్న జొన్నలన్ని పట్టిస్తున్న. రొట్టెలు నేనే కొడత. ఈసారి యేరే బంతి ఒద్దు. అందరిది ఒక్కటే బంతి. అడిగినోనికి ఏస్తరు, అడగకుంటె ముందుకు పోతరు."

"ఎవ్వలడగకపోతె?"

"అడగకపోతె ఆయన చేసింది బేకారని నేను గూడ ఒప్పుకుంట." నా వైపు తిరిగింది. "తమ్మీ, గంప నువ్వే పట్టాలె."

పెద్ద దినం నాడు గంప పట్టుకున్నాను, అందులోనే ఒక పక్కన పప్పు, కాకరకాయ గిన్నెలు. నా టెంట్‌హౌస్ షామియానా కింద పొడుగు బంతి. వడ్డించేవాళ్ళు అన్నం, మాంసం వేసుకుంటూ ముందు పోయారు. వాళ్ళ వెనక నేను, "రొట్టె, రొట్టె" అంటూ. మొదటి పదిమంది తల ఎత్తలేదు. మరో పదిమంది కూడా. వీళ్ళలో సగం మంది షుగరు బంతిలో బావ చేతి తిండి తిన్నవాళ్ళే, నాకు మొహాలన్నీ తెలుసు. అరుగు మీద ఆ మాట అన్న పెద్దమనిషి తన విస్తరి వైపు శ్రద్ధగా చూసుకుంటున్నాడు. జీవితంలో ఇన్ని గంజులు మోశాను, ఇంత బరువు ఎప్పుడూ లేదు. అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను అటు చూడలేదు.

బంతి చివరికి వచ్చేశాను. మూలన బీడీలు చుట్టే ఒకామె కూర్చుంది. నాకు పరిచయం లేదు, అక్క వాడకట్టామె అయి ఉంటుంది. ఆకు కత్తిరించి కత్తిరించి కాయలు కాచిన వేళ్ళతో చెయ్యి ఎత్తింది.

"అన్నా, నాకొకటెయ్యి. పోయిన నెల్లనే తెలిసింది నాకు" అంది. గొంతు దాచుకోలేదు.

వేశాను. పప్పు వేశాను. కాకరకాయ వేశాను. ఆమె తినడం మొదలుపెట్టింది. నేను గంపతో వెనక్కి తిరిగేసరికి, వచ్చిన దారిలోనే ఒక చెయ్యి లేచింది. "గిటు దిక్కు గూడ." దాని వెనక ఇంకొకటి. "మామా, ఇక్కడ ఇద్దరికి." ఒక ముసలాయన చెయ్యి, ఒక కాలేజీ పంతులు చెయ్యి, గాజుల చెయ్యి, ఉంగరాల చెయ్యి. "ఆగు ఆగు, నన్ను దాటి పోయినవ్." ఎవరి గొంతో తెలియలేదు, అరుగు వైపు నుంచి వచ్చింది. గంప అడుగు కనిపించింది. రొట్టెలు అయిపోయాయని చెప్పడానికి తలుపు వైపు చూస్తే అక్క అక్కడ లేదు. లోపలి నుంచి టపటపమని పిండి చరుస్తున్న చప్పుడు వస్తోంది. బంతి పొడుగునా చేతులు ఇంకా లేచే ఉన్నాయి.